సవరణ: 737 మ్యాక్స్ లాంచ్ కస్టమర్ మలిండో కాదు

కొత్త విమానాలకు లాంచ్ కస్టమర్లుగా (అంటే మొదటి పెద్ద ఖాయమైన ఆర్డరుతో ఆ మోడల్ తయారీకి దారి తీసే సంస్థలుగా) నిలిచే ఎయిర్‌లైన్ల గురించిన గత పోస్టులో బోయింగ్ 737 మ్యాక్స్‌కు మలేషియా సంస్థ మలిండో ఎయిర్ పేరు ఇచ్చాను. అక్కడ అమెరికా సంస్థ సౌత్‌వెస్ట్ అని ఉండాలి. 2017 మేలో ఆ విమానాన్ని ప్రయాణికులతో మొదట నడిపింది మలిండో అన్నది నిజమే. అయితే 2011 డిసెంబరులో 150 విమానాలకు ఖాయమైన ఆర్డరు ఇచ్చి లాంచ్ కస్టమర్ అయినది సౌత్‌వెస్ట్. అంతకు ముందే, ఆ ఏడాది జూలైలో, కొత్త ఇంజిన్ల 737లు (తర్వాత మ్యాక్స్ అయినవి) వంద తీసుకుంటామని అమెరికన్ ఎయిర్‌లైన్స్ మాట ఇచ్చింది. నా దృష్టిలో మ్యాక్స్ తయారీ వైపు బోయింగ్‌ను కదిలించింది అదే. కానీ మాట వేరు, సంతకం వేరు.

మరి సౌత్‌వెస్ట్ మ్యాక్స్‌ను నడపడానికి 2017 అక్టోబరు 1 దాకా ఎందుకు ఆగింది? తన పాత 737-300ల వల్ల. ఒకే పైలట్ల బృందం అటు వాటినీ ఇటు మ్యాక్స్‌నూ నడపడానికి నిబంధనలు అడ్డొచ్చాయి. అందుకని పాతవాటన్నిటినీ సెప్టెంబరు చివరిలో ఒకేసారి పక్కన పెట్టి, ఆ వెంటనే కొత్తవి దించింది.

ఆ పోస్టులో బోయింగ్ 787 లాంచ్ కస్టమర్ గురించి రాసింది మాత్రం సరైనదే. 2004లో 50 విమానాలు ఆర్డరు చేసినదీ, మూడేళ్లకు పైగా ఆలస్యం భరించి 2011 అక్టోబరులో మొదట నడిపినదీ జపాన్ సంస్థ ఆల్ నిప్పన్ ఎయిర్‌వేసే.