పిల్లలు కొలిస్తే ఇల్లు పోదు

మా కర్నూలు వాట్సాప్ గ్రూపుల్లో పది రోజులుగా ఒక మెసేజ్ తిరుగుతోంది. పాతబస్తీ ఇళ్లను కొలిచి, ఫొటోలు తీసి, వాటి చరిత్ర రాసుకుంటున్న డిగ్రీ పిల్లల మీద. సారాంశం ఇదీ: వాళ్లను లోపలికి రానిస్తే ఇల్లు సర్కారు లిస్టులోకి ఎక్కుతుంది, ఇక అమ్ముకోలేరు. ముఖ్యమైన కట్టడాలను ఎటూ పురావస్తు శాఖ చూసుకుంటోంది. మామూలు ఇళ్లకు చరిత్రేంటి? రాసినా తప్పులే రాస్తారు. అసలు ఆ టేపులు పట్టుకుని తిరిగేది గుప్తనిధుల కోసమే. నాకే ముగ్గురు పంపారు. ఆదివారాలు ఆ పిల్లల వెంట నేనూ తిరుగుతున్నాను కాబట్టి జవాబు చెప్తున్నాను.

ముందు ఇల్లు పోతుందన్న భయం. 1958 నాటి కేంద్ర చట్టం ప్రకారం ఒక కట్టడాన్ని రక్షిత కట్టడంగా ప్రకటించాలంటే దానికి కనీసం నూరేళ్లు నిండి ఉండాలి. ప్రభుత్వం ముందుగా గెజిట్‌లో నోటిఫికేషన్ ఇవ్వాలి, అభ్యంతరాలు చెప్పుకోవడానికి రెండు నెలల గడువుండాలి. బీకాం సెకండియర్ పిల్ల నోట్‌బుక్కులో మీ ద్వారబంధం కొలత రాసుకున్నంత మాత్రాన ఇవేవీ జరగవు. అయితే ఈ భయం ఎక్కడ పుట్టిందో తెలుసు. 2010 సవరణ తర్వాత రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం నిషేధం. ఆ పైన ఇంకో 200 మీటర్ల దాకా అనుమతి తీసుకోవాలి. కొండారెడ్డి బురుజు పక్కన ఇంకో గది వేసుకుందామనుకునే వాళ్ల బాధ నిజమే. దానికీ పిల్లల టేపుకూ సంబంధం లేదు.

శాఖ చూసుకుంటోంది కదా అంటే, బురుజునూ హంద్రీ ఒడ్డున ఒకప్పటి కర్నూలు పాలకుడు అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధినీ చూసుకుంటోంది, ఒప్పుకుంటాను. మరి 1953 సంగతి? ఆ ఏడాది అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. చోటు చాలక ఆఫీసులకు డేరాలు వేశారు. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు వెళ్లిపోయింది. ఆ మూడేళ్లలో ఎవరి మిద్దె ఎవరు అద్దెకు తీసుకున్నారు, ఏ వరండాలో ఎవరు టైపు కొట్టారు అన్నది ఏ బోర్డు మీదా లేదు. అప్పుడు పదేళ్లున్నవాళ్లకు ఇప్పుడు ఎనభై దాటాయి. అప్పట్లో కట్టిన వాటికి నూరేళ్లు నిండేది 2053లో. అంతవరకు అడగడానికి ఎవరు మిగులుతారు?

ఇళ్లకు చరిత్రేంటి అన్న మాట దగ్గరే నాకు ఎక్కువ కోపం వచ్చింది. రెండు నెలల కిందట వన్ టౌన్‌లో ఒక సందులోని ఇంటికి వెళ్లాం. నాపరాళ్ల గోడలు, టేకు దూలాలు, పైన చౌడుమట్టి మిద్దె, వంటింట్లోకి వెలుతురు దిగే గవాక్షి. ఇంటావిడ కాఫీ ఇచ్చి, “దీంట్లో ఏముండాదని నాయనా రాసుకుంటారు?” అంది. ఒక అమ్మాయి గోడ మీద చార చూపించి, “అదేంటవ్వా?” అనడిగింది. నా తలకంటే జానెడు ఎత్తున, సున్నం మీద సున్నం వేసినా మాయని మట్టిరంగు గీత. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ ఊళ్లోకి వచ్చినప్పటి నీటిమట్టం. ఆవిడ గంటసేపు మాట్లాడి, లోపలినుంచి రేకుపెట్టె తెచ్చింది. అందులో నీళ్లకు నాని అట్టకట్టిన దస్తావేజు. సగం చదవడానికే రాలేదు. మిగతా సగంలో చెక్కుబందీ, అంటే ఇంటి నాలుగు దిక్కుల హద్దులు, దొరికింది: తూర్పున బండ్ల బాట, ఉత్తరాన ఎవరిదో గానుగ. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ల షాపుంది. అది నూనె గానుగా, సున్నపు గానుగా అని పిల్లలు ఇంకా వాదులాడుకుంటున్నారు. వెనక సందులోని ఇంటి దస్తావేజు దొరికితే అందులో దక్షిణాన అదే గానుగ కనబడాలి. ఇంటింటికీ తిరగడం ఇందుకే.

గుప్తనిధుల అనుమానం మన సీమలో ఊరికే పుట్టలేదు. రాత్రిళ్లు గుళ్లు తవ్వే ముఠాల వార్తలు చదువుతూనే ఉంటాం. కానీ అలాంటివాడు పగలు పదకొండింటికి మెళ్లో ఐడీ కార్డు వేసుకొచ్చి, ఇంటావిడతో కాఫీ తాగి, కిటికీ కమ్మీలు లెక్కపెట్టుకుని పోడు. 1878 నాటి చట్టం ప్రకారం భూమిలో దొరికిన దాని విలువ పది రూపాయలు దాటినా కలెక్టరుకు తెలపాలని మొదటి రోజే వాళ్లకు చెప్పాం.

తప్పులు రాస్తారా? రాస్తారు. మొదట్లో కమాను కనబడితే చాలు “నవాబుల కాలం నాటిది” అని రాసేసేవాళ్లు. కర్నూలు చివరి నవాబు గులాం రసూల్ ఖాన్‌ను ఈస్టిండియా కంపెనీవాళ్లు 1839లోనే దించేశారు, ఆ కమానులో చూస్తే ఇటుకల మధ్య సిమెంటు! కొట్టేసి మళ్లీ రాయించాను. అయినా బురుజు కిందినుంచి, తుంగభద్రను దాటి, గద్వాల దాకా సొరంగం ఉందని ఏళ్లుగా చెప్పుకుంటున్నది పిల్లలా, మనమా? ఇదే మాట ఒక పెద్దాయన చెబితే వాళ్లు పక్కన “చూసినవాళ్లు?” అని రాసి ఖాళీ వదిలారు.

అన్నట్టు, ఆ గవాక్షి ఇల్లు అమ్ముడుపోయింది. మేం కొలిచి వచ్చిన మూడో వారమే అగ్రిమెంట్ అయిందట, అపార్ట్‌మెంట్ కడతారట. ఎవరూ అడ్డుపడలేదు. గవాక్షి మూత మాకు ఇప్పించమని అడిగాం. కూలీలకు చెప్పి పక్కన పెట్టిస్తానంది.