కలరా ఉండల మధ్య వేలాడుతున్న నల్లకోటుకు

ప్రియమైన నల్లకోటూ,

ఇది లీగల్ నోటీసు కాదు, భయపడకు. నోటీసు పంపాలంటే నేను వకీలునై ఉండాలి. వకీళ్లను తయారుచేసేవాణ్ణి కాబట్టి మామూలు ఉత్తరమే రాసుకోవాలి.

బీరువాలో మా ఆవిడ పట్టుచీరల పక్కన చల్లగా ఉన్నావు. మున్సిఫ్ కోర్టులో మూడేళ్లు నిన్ను తొడుక్కుని చెమటలు కక్కింది నేను. ఫీజు అడిగితే కక్షిదారు సొరకాయలు తెచ్చేవాడు. లెక్చరరు ఉద్యోగం రాగానే సనదు, అంటే వకీలుగా వాదించే అనుమతి, సస్పెండ్ చేయించుకుని, నిన్ను ఇస్త్రీ చేయించి లోపల పెట్టాను. వకీళ్ల మీద పెత్తనం చేసే బార్ కౌన్సిల్ వారి 49వ నిబంధన ప్రకారం పూర్తికాలం జీతం తీసుకునేవాడు వకీలుగా ఉండకూడదు మరి.

బాగానే ఉంది. అదే వకీలు మా కాలేజీకి వచ్చి పాఠం చెప్పాలనుకుంటే మాత్రం 1979 నుంచీ దారి ఉంది. రోజుకు మూడు గంటలు మించకపోతే చాలు. విశ్వవిద్యాలయాలకు నిబంధనలు పెట్టే యూజీసీ లెక్కన నాబోటి అసోసియేట్ ప్రొఫెసరు వారానికి 14 గంటలు క్లాసు చెప్పాలి. ఆరు రోజులకు పంచి చూశాను. రోజుకు రెండు గంటల ఇరవై నిమిషాలు వచ్చింది. అంటే మూడు గంటలు చెప్పే ఆయన వకీలే, అంతకంటే తక్కువ చెప్పే నేను మాత్రం కాదు. లెక్కలు రాకే లా చదివాను గానీ, ఇక్కడ తప్పు నాది కాదనిపిస్తోంది.

2022లో యూజీసీ ఇంకో తలుపు తెరిచింది. దాని పేరు ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్. బయట 15 ఏళ్లు పనిచేసి పేరు తెచ్చుకున్నవాళ్లు పీహెచ్‌డీ లేకపోయినా వచ్చి పాఠాలు చెప్పొచ్చు. మంజూరైన పోస్టుల్లో పది శాతం దాకా వాళ్లకే. అనుభవం అంత గొప్పదైతే మమ్మల్నీ కాస్త సంపాదించుకోనివ్వచ్చుగా! అబ్బే, ఆ పోస్టులు మాస్టార్లకు వర్తించవు, రిటైరైనవాళ్లకు కూడా. ఆ తలుపు లోపలికే తెరుచుకుంటుంది.

మెడికల్ కాలేజీ సర్జరీ ప్రొఫెసరు ఆపరేషన్ చేస్తూ నేర్పుతాడు. ఆయన చేతికి కత్తి ఇవ్వకుండా బొమ్మ గీసి చూపించమంటే ఊరుకుంటామా? నేను మాత్రం క్రాస్ ఎగ్జామినేషన్, అంటే ఎదుటిపక్షం సాక్షిని ప్రశ్నించడం, బోర్డు మీద రాసి చూపిస్తాను. ప్లీడింగ్స్, డ్రాఫ్టింగ్ (కోర్టు కాగితాలు రాయడం) తప్పనిసరి పేపరు, మూట్ కోర్టు (ఉత్తుత్తి కోర్టులో వాదించడం) తప్పనిసరి పేపరు. పిల్లలు ఒక సివిల్ కేసు, ఒక క్రిమినల్ కేసు విచారణ చూసొచ్చి రికార్డు రాస్తారు. దిద్దేది నేను. నాకంటే తాజాగా కోర్టు చూసొచ్చినవాళ్లు వాళ్లే.

2024 జూలై 1న మూడు కొత్త క్రిమినల్ చట్టాలు వచ్చాక నా బతుకు ఇంకా రసవత్తరమైంది. నిన్నటిదాకా సెక్షన్ 144 అంటే గుంపులు కూడరాదని. ఇప్పుడు కొత్త సంహితలో 144 అంటే మనోవర్తి! పుస్తకం చూసి అంతవరకు చెప్పేశాను. వెనక బెంచీ పిల్లవాడు లేచి, "సార్, కోర్టులో పాత కేసులు పాత సెక్షన్లతో, కొత్తవి కొత్త సెక్షన్లతో నడుస్తున్నాయి కదా, బెంచి క్లర్కు ఎలా సర్దుకుంటున్నాడు?" అన్నాడు. మంచి ప్రశ్న బాబూ, కూర్చో అన్నాను.

మా స్టాఫ్ రూమ్ గోడ మీద అంబేడ్కర్ ఫోటో ఉంది. బొంబాయి హైకోర్టులో వాదిస్తూనే అక్కడి ప్రభుత్వ లా కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషి, 1935లో దానికే ప్రిన్సిపాల్ కూడా అయ్యారు. 1961 అడ్వకేట్స్ చట్టం రాకముందు సంగతి అది. ఇప్పుడైతే జయంతి నాడు దండ వేసి, మర్నాడు షోకాజ్ నోటీసు ఇచ్చేవాళ్లం.

అలాగని నిబంధన పెట్టినవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. నేను చదువుకునేటప్పుడు ఎవిడెన్స్, అంటే సాక్ష్యాల చట్టం, చెప్పడానికి ఒక సీనియర్ వకీలు వచ్చేవారు. రావడమంటే, ఎప్పుడో. "సారుకి వాయిదా ఉంది" అని అటెండరు చెప్తే చప్పట్లు కొట్టి క్యాంటీన్‌కి పోయేవాళ్లం. ఏడాది మొత్తం మీద తొమ్మిది క్లాసులు చెప్పారు. "అర్ధరాత్రి చూశానన్న సాక్షిని ఆ రోజు కరెంటు ఉందా అని అడగండి. లేదన్నాడా, నోరు మూసుకుని కూర్చోండి. ఇంకో ప్రశ్న వేశారంటే వెన్నెల ఉందంటాడు" అన్నారొకసారి. ఆ తొమ్మిది క్లాసులూ ఇవాళ్టికీ గుర్తే. రోజూ ఠంచనుగా వచ్చిన మాస్టారి పాఠం ఒక్కటీ గుర్తులేదు.

ఇప్పుడు రోజూ ఠంచనుగా వచ్చే మాస్టారిని నేనే.

నువ్వు మళ్లీ నా ఒంటి మీదికొస్తే డబ్బున్న పార్టీ వెంట పరిగెత్తి క్లాసు ఎగ్గొడతానేమోనని నిబంధన పెట్టినవాళ్ల అనుమానం. నాకూ ఉందది, దాచను. సొరకాయల రోజులు మనిషిని మార్చేస్తాయి. కానీ మా కాలేజీలో ఒక గది ఉంది, లీగల్ ఎయిడ్ క్లినిక్ అని బోర్డు. అది లేకుండా లా కాలేజీ నడపకూడదని బార్ కౌన్సిల్ నిబంధనే. పోయిన నెల పక్క ఊరి నుంచి ఒక ముసలావిడ వచ్చింది. ఇద్దరు కొడుకులున్నా తిండి పెట్టేవాడు లేడు.

"అయ్యా, తమరు ప్లీడరేనా?"

"కాదమ్మా, ప్లీడర్లకు పాఠం చెప్తాను."

"అయితే పెద్ద ప్లీడరన్నమాట!" అని కొంగుముడి విప్పబోయింది.

అర్జీ నేనే రాశాను, 144 కిందే. సంతకం పెట్టడానికి మాత్రం నా దగ్గర రెండేళ్ల కిందట పాసైన కుర్రాణ్ణి వెతుక్కోవాల్సి వచ్చింది. వాయిదాకి నేనూ వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను. వాడు అడగాల్సిన ప్రశ్న ఒకటి వదిలేశాడు. నా నోటిదాకా వచ్చింది. నువ్వు లేవు కదా, మింగేశాను.

డబ్బు కేసులు నాకొద్దు. ఆ గదికొచ్చేవాళ్ల కోసం, పైసా తీసుకోకుండా, మా పిల్లల్ని పక్కన నిలబెట్టుకుని వాదించనిస్తే చాలు. వకాలత్ మీద జీతగాడని ఎర్రసిరాతో రాసుకోమను, అభ్యంతరం లేదు.

అసలు సంగతి. శనివారం మూట్ కోర్టు. మూడో ఏడు కుర్రాడొకడు కోటు లేదని నసిగాడు, నిన్నిస్తానన్నాను. చేతులు కాస్త పొడుగవుతాయి, మడుచుకుంటాడు. నీ లోపలి జేబులో ఒక వాయిదా చీటీ ఉండాలి, నేను ఆఖరిసారి వెళ్లాల్సిన కేసుది. అది మాత్రం వాడికి ఇవ్వకు.

ఇట్లు,
నీ పాత జూనియర్