‘బాగుంది’ అనే మాట మా ఇంట్లో నిషేధం

మా ఇంట్లో రెండు నెలలుగా ‘టీ బాగుంది’ అనే మాట మీద నిషేధం అమల్లో ఉంది. ఉత్తర్వు జారీ చేసింది నేనే. కాపీ ఫ్రిజ్ తలుపు మీద, గ్యాస్ ఏజెన్సీ నంబరు పక్కన అంటించాను. నలభై ఏళ్ళుగా రోజుకు మూడుసార్లు టీ తాగుతూ కూడా ‘బాగుంది’, ‘అంత బాలేదు’, ‘ఇంకో అర కప్పు పొయ్యి’ అనే మూడు మాటలతోనే బండి లాక్కొచ్చిన కుటుంబం మాది. నాలుక ఉండీ నోరు లేని బతుకు. చూస్తూ ఊరుకోవడం నావల్ల కాలేదు.

కాబట్టి కూకట్‌పల్లిలోని మా రెండు పడగ్గదుల ఫ్లాట్లో విడి ఆకు టీల రుచి పరీక్ష మొదలుపెట్టాను. టీ పొడి కాదు, టీ ఆకు. ఈ తేడా తెలియనివాళ్ళతో నేను ఈమధ్య పెద్దగా మాట్లాడటం లేదు. మనం రోజూ వాడే గుండ్రటి గింజల టీ పొడిని సీటీసీ (క్రష్, టేర్, కర్ల్) అంటారు. 1930ల్లో అస్సాంలో పుట్టిన పద్ధతి. పళ్ళున్న రోలర్ల మధ్య ఆకును వేసి చిదుముతారు, చించుతారు, చుట్టేస్తారు. మూడు చకారాల చిత్రహింస. అన్ని దెబ్బలు తిన్న ఆకు కాబట్టి మరిగే నీళ్ళలో పడగానే నేరం ఒప్పేసుకుని రంగంతా కక్కేస్తుంది. పాలనూ పంచదారనూ తట్టుకోవాలంటే అలాంటి ఆకే కావాలి. విడి ఆకు దగ్గర ఈ జులుం సాగదు. దాన్ని బతిమాలుకోవాలి.

మొత్తం ఎనిమిది పొట్లాలు తెప్పించాను. డార్జిలింగ్‌లో తొలి కోత ఒకటి, రెండో కోత ఒకటి, ఒక అస్సాం, ఒక నీలగిరి, ఒక గ్రీన్ టీ, ఒక ఊలాంగ్, చైనా నుంచి వచ్చిన పొగబెట్టిన టీ ఒకటి, పులియబెట్టిన టీ ఇంకొకటి. ఇవన్నీ ఒకే జాతి మొక్క ఆకులంటే మా ఆవిడ నమ్మలేదు. కోశాక ఎంతసేపు గాలికి వదిలారు, ఎప్పుడు వేడి తగిలించారు అన్నదాన్ని బట్టి ఒకటి పచ్చగా, ఒకటి నల్లగా తేలుతుందని చెప్పాను. ‘‘అదంతా సరేనండీ, అన్నిటికీ కలిపి ఎంతయింది?’’ అంది. 2021లో గువాహటి వేలంలో మనోహరి గోల్డ్ అనే అస్సాం టీ కిలో 99,999 రూపాయలకు పోయిందని, దాంతో పోల్చుకుంటే మనం వేలకు వేలు ఆదా చేసినట్టేనని లెక్క చూపించాను. ‘‘చెప్పుల షాపులో ధర వేసినట్టుందే’’ అని నవ్వింది. అసలు ప్రశ్న మరిచిపోయింది. నేనూ గుర్తు చేయలేదు.

మంచి టీలకు పేరు పక్కన డిగ్రీలుంటాయి. మా డార్జిలింగ్ పొట్లం మీద ఎస్.ఎఫ్.టి.జి.ఎఫ్.ఓ.పి. అని ఉంది. మా వీధిలో రిటైర్డ్ హెడ్మాస్టరు గారి గేటు మీద ఎం.ఏ., ఎం.ఇడి., ఎల్.ఎల్.బి. అన్న బోర్డు కూడా ఇంత నిండుగా ఉండదు. విప్పి చదివితే సూపర్‌ఫైన్ టిప్పీ గోల్డెన్ ఫ్లవరీ ఆరెంజ్ పెకో. ఇందులో పువ్వూ లేదు, నారింజా లేదు. పెకో అంటే లేత చిగురు మీది తెల్లటి నూగుకు చైనావాళ్ళ మాట. మెట్టు దిగుతున్నకొద్దీ ఒక్కో అక్షరం రాలిపోయి, అన్నిటికన్నా కింద డస్ట్ మిగులుతుంది. చదువుసంధ్యల్లేని దుమ్ము. బడ్డీ కొట్ల దగ్గర పొద్దున్నే మనల్ని మనుషుల్ని చేస్తున్నది చాలావరకు అదే. కానీ ఆ సంగతి ఇక్కడ అప్రస్తుతం.

పరీక్ష నా ఇష్టమొచ్చినట్టు చేస్తున్నానని అనుకునేరు. దీనికి అంతర్జాతీయ ప్రమాణమే ఉంది. ఐఎస్ఓ 3103, మొదట 1980లో వచ్చింది. 100 మిల్లీలీటర్లకు 2 గ్రాముల ఆకు, అప్పుడే మరిగిన నీళ్ళు, మూత పెట్టి 6 నిమిషాలు. బ్రిటన్‌లో ఇలాంటిదే ఆరు పేజీల ప్రమాణం ఉంటే దానికి 1999లో ఇగ్ నోబెల్ సాహిత్య బహుమతి ఇచ్చారు. అది వేళాకోళానికి ఇచ్చే బహుమతి అని మా అబ్బాయి అంటాడు. నేను సాహిత్యం అన్న మాట దగ్గరే ఆగాను. ఐఎస్ఓ వాళ్ళు పాలను కూడా మరిచిపోలేదు. పాలు కలిపి పరీక్షించాలంటే పెద్ద కప్పుకు 5 మిల్లీలీటర్లు పొయ్యాలి. ఇది అమ్మకు చదివి వినిపించాను.

‘‘పాకెట్టు గిన్నెలోకి వంపాక మూలన మిగులుతాయే, అన్నేనా?’’ అంది.

అన్నే. అమ్మ వాటిని కూడా నీళ్ళు పోసి కడిగి అదే గిన్నెలో కలుపుతుందన్నది వేరే విషయం.

ఇక రుచి చూసే పద్ధతి. వృత్తిగా టీ రుచి చూసేవాళ్ళు చెంచాతో తీసుకుని సర్రున జుర్రుతారు. అలా జుర్రితే టీ సన్నటి తుంపరగా మారి నోరంతా పరుచుకుంటుంది, వాసన వెనకనుంచి ముక్కులోకి ఎక్కుతుంది. తర్వాత మింగకుండా ఉమ్మేస్తారు. రోజుకు వందల కప్పులు మింగితే మనిషి మిగలడు కదా. ఉమ్మడానికి పాత్ర కావాలి కాబట్టి తాతగారి ఇత్తడి తమ్మపడిగను అటక మీది నుంచి దించి చింతపండుతో తోమించాను. తాతగారు సాసర్లో పోసుకుని వీధి చివరి దాకా వినపడేట్టు జుర్రేవారు. చిన్నప్పుడు నేనూ అలాగే జుర్రితే అమ్మ వీపు మీద ఒక్కటిచ్చింది. ఒక నిపుణుణ్ణి నలభై ఏళ్ళు వెనక్కి నెట్టిన దెబ్బ అది. ఇప్పుడు తొమ్మిది వందల రూపాయల టీని తమ్మపడిగలో ఉమ్మడం చూసి ఆవిడ కళ్ళు తిప్పుకుంది. గ్రీన్ టీ కోసం నీళ్ళలో థర్మామీటరు పెట్టి 80 డిగ్రీలు చూస్తున్నప్పుడు మాత్రం ‘‘దానికేమన్నా జ్వరమా నాన్నా?’’ అని ఆప్యాయంగా అడిగింది.

మా పరీక్షకు పెద్ద అవాంతరం పల్నాడు నుంచి వచ్చింది. మా బాబాయికి మాచర్ల దగ్గర పత్తి చేను ఉంది. ఏదో కోర్టు పని మీద హైదరాబాద్ వచ్చి, సరిగ్గా డార్జిలింగ్ రెండో కోత పరీక్ష నడుస్తుండగా మా ఇంట్లో అడుగుపెట్టాడు. కూర్చోబెట్టి చిన్న కప్పు చేతికిచ్చి, మే, జూన్ నెలల్లో కోసే ఈ ఆకుకు ఉండే గొప్పతనం చెప్పాను. దీనికి మస్కటెల్ అనే ద్రాక్ష సువాసన ఉంటుందని, ఆ సువాసన ఒక పురుగు వల్ల వస్తుందని చెప్పాను. ఆ పురుగు లేత చిగుళ్ళలోంచి రసం పీలుస్తుంది. మొక్క తనను కాపాడుకోవడానికి ఏవో పదార్థాలు తయారు చేసుకుంటుంది. ఆ పదార్థాలే సువాసన. పురుగు కొరికిన ఆకుకే ధర ఎక్కువ. తైవాన్‌లో కూడా ఇలాగే పురుగు తిన్న ఆకుతో చేసే ఖరీదైన టీ ఒకటి ఉంది.

బాబాయి కప్పు కింద పెట్టాడు. ‘‘ఏం పురుగురా?’’

‘‘ఆకుపచ్చగా, సన్నగా ఉంటుంది. ఆకు కదిలిస్తే పక్కకు నడిచి ఎగిరిపోతుంది.’’

‘‘పచ్చదోమా?’’

పచ్చదోమే. పత్తి మీద పడేదీ, టీ మీద పడేదీ ఒకే వంశం. దాయాదులు.

బాబాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అడిగాడు. ‘‘నిరుడు మూడెకరాల్లో పడిందిరా. ఆకులన్నీ దోనెల్లా ముడుచుకుని అంచులు ఎర్రబడిపోయినయ్. నాలుగుసార్లు మందు కొట్టా. మందుకొట్టు బాకీ ఇంకా తీరలా. అదే దోమ అక్కడ పడితే ఎక్కువిచ్చి కొంటారా?’’

‘‘అక్కడ సువాసన వస్తుంది బాబాయ్.’’

‘‘ఏదీ, నీకొచ్చిందా?’’

ఇక్కడ నేను ఒక నిజం ఒప్పుకోవాలి. మస్కటెల్ ద్రాక్షను నేను జన్మలో చూడలేదు. నాకు తెలిసిన ద్రాక్ష చిన్నప్పుడు హైదరాబాద్ వచ్చినప్పుడల్లా కొనిపెట్టిన అనాబ్-ఎ-షాహీ. పొడుగ్గా, లేత ఆకుపచ్చగా, వేలంత. ఆ వాసన వస్తుందేమోనని మూడు రోజులుగా జుర్రుతున్నాను. రావడం లేదు. అంతమాత్రాన టీని అనుమానించే మనిషిని కాను. నోట్సులో ‘మస్కటెల్ సుస్పష్టం’ అని రాశాను. బాబాయి కప్పులో మిగిలినదాన్ని వాసన చూసి, ‘‘ఎండుగడ్డి నానబెట్టిన వాసనొస్తుంది’’ అని, అమ్మ వైపు తిరిగి ‘‘వదినా, కాస్త టీ పెట్టు’’ అన్నాడు. చేతిలో టీ ఉండగా టీ పెట్టమన్నాడు. ఆయన అభిప్రాయాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

అసలు చిక్కు అమ్మతోనే. ఆవిడకు ఏ అర్హతా లేకపోయినా పరీక్షలో కూర్చోబెట్టడం తప్పలేదు, ఎందుకంటే ఇంట్లో ఇంకెవరూ ఖాళీగా లేరు. పైన్ కట్టెల పొగలో ఆరబెట్టిన చైనా టీ ఇచ్చాను. పొట్లం మీద ‘చలిమంట పక్కన గడిపిన సాయంత్రం’ అని రాసుంది. అమ్మ ఒక్క గుక్క తాగి, ‘‘పొగచూరింది’’ అంది. కట్టెల పొయ్యి రోజుల్లో పాలకు ఈ వాసన పడితే ఆవిడ అవి పిల్లికి పోసేసేదట. యున్నాన్ నుంచి వచ్చిన పులియబెట్టిన టీ ఇచ్చాను. పొట్లం మీద ‘వాన వెలిసిన అడవి’. అమ్మ, ‘‘ముక్కిన వాసన. గోనెసంచి తడిసిందా?’’ అంది. నీలగిరి ఇచ్చాను. ‘‘దీన్ని ఇంగువ డబ్బా పక్కన పెట్టారా?’’ అంది. టీ ఆకు పక్కనున్న వాసనలన్నీ పీల్చుకుంటుందన్నది శాస్త్రం. మా ఆవిడ ఆ పొట్లాన్ని పోపుల అరలో సర్దిందన్నది వాస్తవం. కానీ ఆ రెండిటినీ అమ్మ అభిప్రాయంతో కలపడం తొందరపాటు. రిమార్కుల గడిలో ‘కాకతాళీయం’ అని రాశాను.

ఇంకా ఇబ్బంది ఏమిటంటే, ఆవిడ మాటలన్నిటికీ నేను కొనుక్కున్న మాటలు ఒకటొకటిగా సరిపోతున్నాయి. ఆకు సరిగా మాగకపోతే టీ నిపుణులు ‘గ్రీన్’ అంటారు. అమ్మ ‘పచ్చి వాసన’ అంటుంది. ఆరబెట్టేటప్పుడు వేడి ఎక్కువైతే వాళ్ళు ‘బేకీ’ అంటారు, అమ్మ ‘మాడు’. వాళ్ళ ‘థిన్’ అమ్మకు ‘నీళ్ళ టీ’. నాలుకను పట్టి గుంజే గుణాన్ని వాళ్ళు రకరకాలుగా వర్ణిస్తారు. అమ్మ అందులోనే మంచిదైతే ‘వగరు’ అంటుంది, చెడ్డదైతే ‘కనరు’ అంటుంది. ఈ రెండిటికీ తేడా ఏమిటని అడిగితే, ‘‘వగరు వక్కలో ఉంటుంది, కనరు ముదురు దోసకాయలో ఉంటుంది, అదీ తెలీదా?’’ అని నన్నే జాలిగా చూసింది. ఇంగ్లీషులో ఆ రెంటినీ విడదీసే మాట నాకు దొరకలేదు కాబట్టి ఆ తేడా లేదని తీర్మానించాను.

ఊలాంగ్ దగ్గర గొడవే అయింది. సగం మాగిన ఈ ఆకును చైనావాళ్ళు చిన్న పాత్రలో వేసి, అదే ఆకు మీద నాలుగైదుసార్లు వేడినీళ్ళు పోసి తాగుతారు. ఒక్కోసారికి ఒక్కో రుచి. ఇది మర్యాద, సంస్కారం. మా ఇంట్లో మాత్రం వాడిన పొడిని రెండోసారి మరిగించి చుట్టాలకిస్తే వంశం పరువు పోతుంది. పెద్దక్క పెళ్ళిచూపుల్లో అలా చేశారన్న అనుమానంతో ఒక సంబంధం గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. నేను మూడో విడత పోస్తుండగా అమ్మ గిన్నె లాక్కుని ఆకునంతా బాల్కనీలో గులాబీ మొదట్లో వేసేసింది. నాలుగు, ఐదు విడతల ఫలితాలు అందుబాటులో లేవు. గులాబీ బాగుంది. మొక్కల విషయంలో ఆ మాట మీద నిషేధం లేదు.

పోయిన ఆదివారం తుది పరీక్ష పెట్టుకున్నాను. అస్సాం మీద. కాటా మీద 2 గ్రాములు తూచాను. 6 నిమిషాలకు ఫోన్లో అలారం. తెల్ల కప్పుల్లో వంచాను. పొట్లం మీద చెప్పినట్టు రాగి రంగులో మెరవాలి. కాస్త మసకగా, పైన సన్నటి పొరలాంటిదేదో కట్టి ఉంది. కళ్ళజోడు మార్చాలనుకున్నాను. పది నిమిషాలు జుర్రి, ఉమ్మి, ‘బాడీ నిండుగా, బ్రిస్క్, ముగింపులో తేనె’ అని నోట్సు రాసి, కప్పు అమ్మకిచ్చాను.

అమ్మ పెదవికి తాకించి దించేసింది. ‘‘ఇవి మంజీరా నీళ్ళు కావు. బోరు నీళ్ళు పోశారు.’’

అసంభవం అన్నాను. మనింట్లో ఫిల్టర్ నీళ్ళే వాడతామని, పరీక్ష కోసం నేనే స్వయంగా నియమం పెట్టానని గుర్తు చేశాను.

వంటింట్లోంచి మా ఆవిడ కేకేసింది. ‘‘ఫిల్టర్ పాడైందండీ. మెకానిక్కు రేపు రేపు అంటూ మూడు రోజులైంది. పొద్దున మంజీరా నల్లా రాలేదని కెటిల్లో బోరు ట్యాప్ నీళ్ళే పట్టాను.’’

రిమార్కుల గడిలో ‘కాకతాళీయం’ అని రాసుకున్నాను. ఆ గడిలో ఆ మాట రాయడం అది పదకొండోసారి.