ఆస్లర్ తెచ్చిన వార్డు చదువు

జాన్స్ హాప్కిన్స్ వైద్య కళాశాల 1893లో బాల్టిమోర్‌లో మొదలయ్యే నాటికి, అమెరికాలో చాలాచోట్ల ఉపన్యాసాలు విని పరీక్ష గట్టెక్కితే చాలు, రోగి ఒంటిమీద చెయ్యి వేయకుండానే డాక్టర్ పట్టా చేతికొచ్చేది. ఆ తీరును మార్చినవారిలో ముందుగా చెప్పుకోవలసింది, అప్పటికే హాప్కిన్స్ ఆసుపత్రిలో ఉన్న కెనడా వైద్యుడు విలియం ఆస్లర్ గురించి. 1892లో వెలువడిన ఆయన వైద్య గ్రంథం ఎంతో పేరు తెచ్చుకున్నా, నా దృష్టిలో ఆయన అసలు ఘనత వార్డులోనే ఉంది.

అక్కడ చివరి ఏడాది విద్యార్థికి కొన్ని మంచాలు అప్పగించేవారు. రోగి చెప్పే బాధ ఓపికగా విని రాసుకోవడం, ఒళ్లంతా పరీక్షించడం, రక్తం, మూత్రం, కఫం నమూనాలను తానే మైక్రోస్కోపు కింద చూడడం, ఆపైన రౌండ్స్‌లో ఆస్లర్ ఎదుట నిలబడి కేసు చెప్పడం అతని పని. ఈ పద్ధతిని ఆయనేమీ కనిపెట్టలేదు. బ్రిటిష్ ఆసుపత్రుల్లో అప్పటికే ఉన్నదాన్ని తెచ్చి, కళాశాల చదువుకు వెన్నెముకగా నిలిపారు. అక్కడ సీటు రావడమూ తేలిక కాదు, ముందే డిగ్రీ ఉండాలి. విద్యార్థులుగా అయితే తమకు చోటు దక్కేదే కాదని, ప్రొఫెసర్లుగా రావడం అదృష్టమని ఆస్లర్ సహచరుడు వెల్చ్‌తో పరిహాసమాడారట.

ఈ చదువు నడవాలంటే వార్డులో రోగులుండాలి, వాళ్లు ఎక్కువగా పేదలే. మన కింగ్ జార్జ్, ఉస్మానియా ఆసుపత్రుల్లో తరతరాల డాక్టర్లు పని నేర్చుకున్నది కూడా అలాంటి రోగుల దగ్గరే. ఆ రుణం గురించి మన వైద్య కళాశాలలు మాట్లాడేది తక్కువ.

2019లో మన ఎంబీబీఎస్ కొత్త పాఠ్యప్రణాళిక విద్యార్థికి రోగిని అప్పగించే ఈ పద్ధతినే అధికారికంగా చేర్చింది. అయితే పీజీ సీటును నిర్ణయించేది బహుళైచ్ఛిక ప్రశ్నల పరీక్ష ఒక్కటే అయినప్పుడు, హౌస్ సర్జన్ మనసు వార్డులో కంటే కోచింగ్ టెస్టుల మీదే ఉండడంలో ఆశ్చర్యం లేదు, అందుకు అతణ్ని తప్పుపట్టనూ లేము. ఆస్లర్ విద్యార్థి రాసిన కేసు షీటు రోగి చికిత్సకు అక్కరకొచ్చేది కాబట్టి, దాన్ని పైవాళ్లు చదివేవారు, తప్పులుంటే నిలదీసేవారు. వార్డు పనికి పీజీ ఎంపికలో కొంతైనా విలువ కట్టనంతకాలం, ఇక్కడి విద్యార్థి తాను చేసిన పనిని నమోదు చేసే లాగ్‌బుక్కు సంతకాల పుస్తకంగానే ఉంటుంది.