రాముడి ఊళ్లు, కృష్ణుడి ఊళ్లు: అండమాన్‌లో రాత్రులు ఎక్కడ గడపాలి?

మా బావమరిది పోయిన వారం ఒక కాగితాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాడు. అమీర్‌పేటలో ఒక ట్రావెల్స్ వాళ్లు రాసిచ్చిన అండమాన్ ప్యాకేజీ అది. సంక్రాంతి సెలవులకు ఐదు రాత్రులు, ఆరు రోజులు. పోర్ట్ బ్లెయిర్‌లో రెండు రాత్రులు, హావ్‌లాక్‌లో రెండు, నీల్‌లో ఒకటి. దాని కిందే ప్రశ్న: "బావా, నీల్ తీసేసి హావ్‌లాక్‌లోనే మూడు రాత్రులు ఉంటే బెటర్ కదా? రెండూ ఒకేలా ఉంటాయంట."

ఒకేలా ఉండవు. నన్నడిగితే ఆ కాగితంలో అంకెలు తారుమారయ్యాయి. పిల్లలతో, పెద్దవాళ్లతో హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లు నీల్‌లో రెండు రాత్రులు, హావ్‌లాక్‌లో ఒకటి ఉండాలి. ఎందుకో చెప్పాలంటే ముందు పేర్ల దగ్గర మొదలుపెట్టాలి.

ఈ రెండు దీవులకూ 1857 తిరుగుబాటును అణచిన ఇద్దరు బ్రిటిష్ సైనికాధికారుల పేర్లు పెట్టారు. హెన్రీ హావ్‌లాక్ ఒకడు, జేమ్స్ నీల్ మరొకడు. నీల్ అయితే అలహాబాద్, కాన్పూర్‌లలో ఉరితీతలకు పేరుమోసినవాడు. 2018 డిసెంబర్ 30న వీటిని స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్‌గా మార్చారు. పోర్ట్ బ్లెయిర్ పేరు కూడా 2024లో శ్రీ విజయపురంగా మారింది. పడవ టికెట్ మీద ఆ కొత్త పేర్లే ఉంటాయి కాబట్టి కంగారు పడొద్దు. జెట్టీ దగ్గర మాత్రం ఇంకా అందరూ పాత పేర్లే అంటున్నారు, నేనూ ఇక్కడ అవే వాడుతున్నాను.

అసలు ముచ్చటైన పేర్లు ఊళ్లవి. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కాందిశీకులకు ప్రభుత్వం ఈ దీవుల్లో భూములిచ్చింది. నీల్‌లో వాళ్ల ఊళ్లు రామ్‌నగర్, సీతాపూర్, లక్ష్మణ్‌పూర్, భరత్‌పూర్. హావ్‌లాక్‌లో గోవింద్‌నగర్, కృష్ణానగర్, శ్యామ్‌నగర్, రాధానగర్. అంటే ఒకటి రాముడి దీవి, ఇంకోటి కృష్ణుడి దీవి. మా అత్తయ్యకు ఈ మాట చెప్పగానే ఆవిడ లెక్క తేలిపోయింది. భద్రాచలం పక్క మనిషి మరి.

సరదా మాట పక్కనపెట్టి కొలతలు చూద్దాం. నీల్ వైశాల్యం 14 చదరపు కిలోమీటర్లు కూడా లేదు. ఈ చివర నుంచి ఆ చివరకు ఐదు కిలోమీటర్లు. జెట్టీలో దిగి భరత్‌పూర్ బీచ్‌కి నడిచిపోవచ్చు. లక్ష్మణ్‌పూర్‌కి ఆటో ఎక్కితే నిమిషాల్లో పని. హావ్‌లాక్ దీనికి ఎన్నో రెట్లు పెద్దది, మధ్యలో అడవి. జెట్టీ నుంచి రాధానగర్‌కి పన్నెండు కిలోమీటర్ల దాకా ఉంటుంది. మనకి పన్నెండు కిలోమీటర్లంటే ఒక లెక్కా అనిపిస్తుంది, కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి రోజూ అంతకంటే ఎక్కువే పోతాం. కానీ సెలవులో ఆ దూరం డబ్బు, సమయం రెండూ తింటుంది. పోనూ రానూ టాక్సీ, డ్రైవర్ వెయిటింగ్, "సార్, టైమ్ అయిపోయింది" అన్న తొందర. కాళ్ల నొప్పులున్న పెద్దావిడ "కాసేపు రూముకెళ్లి పడుకుంటాను" అంటే నీల్‌లో పది నిమిషాల పని. రాధానగర్‌లో అంటే అందరి సాయంత్రమూ అక్కడితో సరి.

ఇంకో విషయం ప్యాకేజీ రాసేవాళ్లు చెప్పరు, గడియారం. అండమాన్ మనకంటే చాలా తూర్పున ఉంది కానీ టైమ్ మాత్రం మనదే. అందుకని అక్కడ సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున ఐదున్నరకే వెలుగొచ్చేస్తుంది, సాయంత్రం ఐదుంబావు ప్రాంతంలో సూర్యుడు మునుగుతాడు. ఆరింటికి చిమ్మచీకటి. బీచ్ అంటే సాయంత్రం నాలుగున్నరకి తీరుబడిగా బయల్దేరే వ్యవహారం అనుకునేవాళ్లకి ఇది పెద్ద దెబ్బ.

ఇప్పుడు ఆ కాగితంలోని "నీల్ 1" అంటే ఏమిటో చూడండి. హావ్‌లాక్‌లో పొద్దున పడవ ఎక్కి, దిగి, సామాన్లు దింపుకుని, రూములు తయారయ్యేదాకా రిసెప్షన్‌లో కూర్చుని, భోజనం చేసి లేచేసరికి రెండు. మిగిలింది మూడు గంటల వెలుగు. మర్నాడు పొద్దున్నే మళ్లీ పడవ. ఆ మూడు గంటల్లో లక్ష్మణ్‌పూర్‌లో సూర్యాస్తమయం, భరత్‌పూర్‌లో అడుగున అద్దం ఉన్న పడవ, సముద్రం తొలిచిన రాతి వంతెన, మూడూ చూపిస్తామని రాస్తారు. అక్కడి బెంగాలీలు హౌరా బ్రిడ్జి అని పిలుచుకునే ఆ వంతెనే రెండేళ్ల కిందట మాకు పాఠం చెప్పింది.

మేం వెళ్లేసరికి మధ్యాహ్నం మూడున్నర. సముద్రం నిండు పోటు మీద ఉంది. వంతెన దగ్గరికి పోయే దారి అంతా రాళ్లు, చచ్చిన పగడాలు. ఆ దారి నీళ్ల కింద ఉంది. అక్కడ కొబ్బరిబొండాలు అమ్ముతున్న కుర్రాడు మమ్మల్ని, మా అబ్బాయి కొత్త బూట్లని చూసి నవ్వి, రేపు పదింటికి రండి, అప్పుడు నీళ్లు లోపలికి పోతాయి అన్నాడు హిందీలో. మా పడవ తొమ్మిదిన్నరకి. బుక్ చేసిన ఏజెంటుకి ఫోన్ చేస్తే, "అది సముద్రం సార్, మా చేతిలో ఉండదు" అన్నాడు. నిజమే, ఆయన చేతిలో లేదు. కానీ సముద్రం ఎప్పుడు పోటెత్తుతుందో ముందే లెక్కగట్టి పెట్టిన పట్టికలున్నాయి. అవి చూడటం ఆయన చేతిలో పనే.

లెక్క కష్టమేమీ కాదు. పోటు నుంచి ఆటుకు సుమారు ఆరుంబావు గంటలు. ఒక ఆటు నుంచి ఇంకో ఆటుకు పన్నెండు గంటల పాతిక నిమిషాలు. కాబట్టి ఇవాళ పదింటికి నీళ్లు తగ్గితే రేపు పదింటికి కాదు, పది యాభై ప్రాంతంలో తగ్గుతాయి. అమావాస్యకీ పౌర్ణమికీ నీళ్లు బాగా లోపలికి పోతాయి, అష్టమి చుట్టుపక్కల అంత తేడా ఉండదు. వంతెన చూడాలంటే ఆటు కావాలి. భరత్‌పూర్‌లో ఈత కొట్టాలన్నా, పడవ ఎక్కాలన్నా పోటు కావాలి, ఆ బీచ్ అంత లోతు తక్కువ. రెండూ ఒకే పూట కుదిరే వీల్లేదు. ఒక్క మధ్యాహ్నం ఉన్నవాడికి ఏదో ఒకటే దక్కుతుంది, అదీ అదృష్టం ఉంటే. రెండు రాత్రులు, మధ్యలో ఒక పూర్తి రోజు ఉన్నవాడికి రెండూ దక్కుతాయి.

మాకు ఆ మర్నాడు పొద్దున ఎనిమిదిన్నర దాకా టైముంటే భరత్‌పూర్‌కి పోయాం. నీళ్లు మెల్లగా వెనక్కి పోతున్నాయి. అరగంట ముందు తేలుతున్న పడవ కాస్తా ఇసుకలో ఒక పక్కకి ఒరిగి నిలబడింది. తడి ఇసుక మీద అలలు వదిలిన గీతలు, వాటి మధ్య అరచేయంత మడుగులు. అత్తయ్య ఒక శంఖాన్ని ముచ్చటపడి తీయబోతే అది నడిచింది. లోపల పీత కాపురం ఉంది. ఆవిడ "అమ్మో" అని చెయ్యి వెనక్కి తీసుకుని, కొంగు దోపుకుని అక్కడే గొంతుక్కూర్చుని ఇంకో పావుగంట దాన్నే చూసింది. ట్రిప్ మొత్తంలో ఆవిడకి గుర్తున్నది అదొక్కటే, హైదరాబాద్ వచ్చాక కనీసం పదిమందికి చెప్పింది. (శంఖాలు, పగడాలు ఏరి సంచీలో వేసుకోకండి. పగడాలకు వన్యప్రాణి రక్షణ చట్టం వర్తిస్తుంది, ఎయిర్‌పోర్టు స్కానింగ్‌లో దొరికితే పరువు పోతుంది.)

హావ్‌లాక్‌ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. రాధానగర్ నిజంగానే గొప్ప బీచ్. వెనక ఎత్తయిన చెట్ల అడవి, ముందు వెడల్పాటి తెల్లటి ఇసుక, పడమటి ముఖం. 2004లో టైమ్ పత్రిక దాన్ని ఆసియాలో మేటి బీచ్ అంది, ఇరవై ఏళ్లు దాటినా ట్రావెల్స్ వాళ్లు ఆ ముక్కనే బ్రోచర్ల మీద అచ్చేస్తున్నారు. కానీ దాన్ని చూడటానికి ఒక సాయంత్రం సరిపోతుంది. రెండో సాయంత్రం కూడా అక్కడికే పోతారు, ఎందుకంటే మిగతాచోట్ల సూర్యాస్తమయం కనపడదు.

స్కూబా డైవింగ్ కోసం వెళ్లేవాళ్ల సంగతి మాత్రం పూర్తిగా వేరు. వాళ్లు నా సలహా వినక్కర్లేదు. డైవింగ్ స్కూళ్లు, శిక్షకులు, పడవలు ఎక్కువగా ఉన్నది హావ్‌లాక్‌లోనే. పెళ్లయిన కొత్తలో వెళ్లే జంటలు, గచ్చిబౌలి ఫ్రెండ్స్ గ్యాంగులు అక్కడ నాలుగు రాత్రులున్నా తప్పులేదు. లాప్‌టాప్ వెంట తీసుకెళ్లేవాళ్లదీ అదే దారి. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన 2,300 కిలోమీటర్ల ఇంటర్నెట్ కేబుల్ పోర్ట్ బ్లెయిర్‌తో పాటు హావ్‌లాక్‌నీ కలిపింది. ఆ జాబితాలో నీల్ పేరు లేదు. సోమవారం ఆఫీసు వాళ్లతో స్టాండప్ కాల్ ఉన్నవాడు నీల్‌లో టెన్షన్ పడతాడు. ఆ కాల్ తప్పించుకోవాలనుకునేవాడికి మాత్రం ఇంతకంటే మంచి సాకు దొరకదు.

ఒక జాగ్రత్త. ఈ దీవుల్లో ఉప్పునీటి మొసళ్లున్నాయి. 2010లో రాధానగర్ పక్కనే ఒక చిన్న మలుపులో స్నార్కెలింగ్ చేస్తున్న (నోట్లో గొట్టం పెట్టుకుని నీళ్ల మీద తేలుతూ కిందికి చూస్తున్న) అమెరికన్ యువతిని మొసలి చంపింది. బోర్డు పెట్టినచోట, మడ అడవుల దగ్గర, మసక చీకట్లో నీళ్లలోకి దిగొద్దు. అంతకుమించి భయపడాల్సిన పని లేదు.

పడవల గురించి కూడా ఒక మాట. ప్రైవేటు పడవలు వేగంగా పోతాయి. పోర్ట్ బ్లెయిర్ నుంచి ఏ దీవికైనా గంటన్నరకు అటూఇటూ, ఈ రెండింటి మధ్యా గంట లోపే. కానీ అద్దాలు బిగించిన ఏసీ పెట్టెల్లా ఉంటాయి, అలలుంటే కడుపులో తిప్పుతుంది. సర్కారు పడవ నిదానం, అయితే గాలాడుతుంది. ఏదైనా సరే వాతావరణం చెడితే రద్దవుతుంది. అందుకే తిరుగు విమానానికి ముందు రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండాలి, దీనికి మినహాయింపు లేదు. ఇదే కారణంతో దసరా సెలవుల్లో అండమాన్ నాకు ఇష్టం లేదు, అప్పటికి వానలు పూర్తిగా పోవు. వేసవి సెలవులైతే ఏప్రిల్ చివర వెళ్లి మే మొదట్లోనే వచ్చేయాలి. నైరుతి రుతుపవనాలు మన దేశంలో అడుగుపెట్టేది ముందు అక్కడే, మే మూడో వారం ప్రాంతంలో. సంక్రాంతి సెలవులే మేలు.

ఇదంతా ఫోన్లో చెప్పాక బావమరిది ట్రావెల్స్ వాళ్ల దగ్గరికి మళ్లీ వెళ్లాడు. పోర్ట్ బ్లెయిర్ 2, హావ్‌లాక్ 1, నీల్ 2 అని పెన్నుతో దిద్దించాడు. నీల్‌లో మధ్య రోజు అమావాస్య పడేట్టు చూడమన్నాడు. కౌంటర్లో అమ్మాయి తలెత్తి, "అమావాస్యా సార్? అందరూ అది తప్పించమంటారు కదా" అందట. ఇంట్లోనూ అదే గొడవ, అమావాస్య నాడు ప్రయాణమేమిటని అత్తయ్య పట్టుబట్టింది.

"ప్రయాణం ముందురోజే అయిపోతుంది అత్తయ్యా. అమావాస్య రోజు పడవా లేదు, టాక్సీ లేదు. నీల్‌లోనే ఉంటాం" అన్నాను.

కాసేపు ఆలోచించి, "అయితే ఆ పీత దగ్గరికి పొద్దున్నే పోవాలి" అంది.