అలకపాన్పు దిగని ఐస్ మెషిన్ అల్లుడు గారికి

గుంటూరు,
మే నెల, మిట్టమధ్యాహ్నం

మహారాజశ్రీ అల్లుడు గారికి మీ మామ నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమెవరమూ క్షేమంగా లేము. తమరు మాత్రం క్షేమమనే తలుస్తున్నాను. ఎందుకంటే నెత్తిన పచ్చలైటు వెలుగుతూనే ఉంది, లోపల ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఐస్ ఒక్కటే లేదు.

నిన్న సాయంత్రం బత్తాయి జ్యూస్‌కి పన్నెండు మంది నిలబడి ఉన్నప్పుడు తమరు మళ్లీ అలిగారు. అలగడానికి అంతకన్నా మంచి ముహూర్తం ఏ పంతులూ పెట్టలేడు. జనవరిలో, ఐస్ అడిగే నాథుడే లేనప్పుడు, కింద ఐస్ పడే పెట్టె, అదే బిన్ను, మూత పడనంతగా పోశారు. పండక్కి వచ్చిన అల్లుడు పొలం పనుల రోజుల్లో కనపడకపోవడం లోకంలో ఉన్నదే అనుకోండి.

మీకు నేనేం తక్కువ చేశాను? దగ్గర దగ్గర లక్ష కట్నం ఇచ్చాను. ఆడపడుచు లాంఛనం కింద స్టెబిలైజరు కొన్నాను. మీరొస్తున్నారని, పదేళ్లుగా గోనెసంచిలో ఐస్ దిమ్మ తెచ్చి వేస్తున్న అబ్బాయిని మానిపించాను. పెళ్లిచూపుల్లో మీ తరఫువాళ్లు ‘రోజుకు అరవై కిలోలు సార్’ అన్నారు. పుస్తకం చివరి పేజీలో చీమ అక్షరాల్లో ఉన్నది నేను నిన్న రాత్రి చదివాను. గది 21 డిగ్రీలు, లోపలికొచ్చే నీళ్లు 10 డిగ్రీలు ఉంటేనట! గుంటూరులో, మే నెలలో, దోసె పెనానికీ గోడకీ మధ్య నిలబెట్టిన మనిషిని, అదే, మెషిన్‌ని, 21 డిగ్రీలు అడుగుతున్నారు.

నీళ్ల సంగతి ఇంకా బాగుంది. మేడమీద నల్లట్యాంకులో ఎండకు కాగి దిగే నీళ్లు మధ్యాహ్నం 40 డిగ్రీలు ఉంటాయి. నేరుగా పసిపిల్లకు లాలపోయొచ్చు. మా అమ్మాయి ఇంటర్ ఫిజిక్స్ పుస్తకం తీసి లెక్క చెప్పింది. గ్రాము నీటిని ఒక డిగ్రీ చల్లార్చాలంటే ఒక క్యాలరీ వేడి తియ్యాలి. సున్నాకి వచ్చిన నీటిని గడ్డ కట్టించడానికి ఇంకో 80. అంటే 10 డిగ్రీల నీళ్లకు 90, మా నీళ్లకు 120. ప్రతి గ్రాముకీ మూడో వంతు ఎక్కువ చాకిరీ! పైగా తీసిన వేడిని పారబోయడానికి బయట చల్లగాలి లేదు, దోసె ఆవిరి ఉంది. ఈ లెక్క విన్నాక మీ మీద కోపం కొంచెం తగ్గిన మాట నిజం. అయితే అలిగినవాళ్లు నోరు విప్పి చెప్పాలి కదా.

మీరు చెప్పలేదు గనక మొదటిసారి అలిగినప్పుడే మెకానిక్‌ని పిలిచాను. ఆయన సంచి కూడా దించకుండానే ‘గ్యాస్ తక్కువుంది సార్’ అన్నాడు. ఎక్కించాడు, డబ్బులు తీసుకున్నాడు. వారం తిరిగేసరికి మళ్లీ అలక, మళ్లీ ఆయనే, మళ్లీ అదే జబ్బు. మూడోసారి ఆయన ఫోన్ ఎత్తకపోవడం నా అదృష్టం. పాత ఫ్రిజ్‌లు బాగుచేసే ఒక ముసలాయన వచ్చాడు.

ఆయన మీ పక్క జాలీ విప్పి కాసేపు మాట్లాడలేదు. లోపలి వేడిని బయటికి వదిలే కండెన్సర్ మీద దుమ్మూ, దోసె నూనె పొగా కలిసి ఇంత మందాన దుప్పటి! ఎండాకాలంలో అల్లుడికి కంబళి కప్పి ‘చెమట పోస్తోందేం బాబూ’ అని అడిగిన మామని నేను.

‘గ్యాస్ ఎక్కించారండీ, రెండుసార్లు’ అన్నాను.

‘ఏందయ్యా, ఇదేమన్నా బండా, తిరిగిన కొద్దీ తాగడానికి? మూసిన గొట్టాల్లో తిరిగే గ్యాస్ ఎటు పోద్ది? తగ్గిందంటే చిల్లున్నట్టే. చిల్లు వెతకాలి ముందు.’

చిల్లు నా జేబుకే ఉందని అప్పుడు తెలిసింది.

తర్వాత ఆయన ఒళ్లు మండే ప్రశ్న ఒకటి అడిగాడు. ‘మీరు తాగేది ఏ నీళ్లు?’ ప్లాంటు నీళ్లు, క్యాన్లు తెప్పించుకుంటాం అన్నాను. ‘మరి దీనికి?’ నేను ట్యాంకు వైపు చూశాను. మా బోరు నీళ్లలో మీటరు పెడితే టీడీఎస్, అంటే లీటరు నీళ్లలో కరిగి ఉన్న లవణాల మిల్లీగ్రాముల లెక్క, 1400 చూపించింది. తాగే నీటికి ప్రభుత్వం వారి ప్రమాణం 500. వేరే దిక్కు లేనిచోట 2000 దాకా సర్దుకోమన్నారు గానీ, నాకు దిక్కు ఉంది, వీధి చివర ప్లాంటే ఉంది. క్యాన్‌కి ఇరవై రూపాయలు పెట్టబుద్ధి కాలేదు, అంతే.

మీ స్వభావం ఎంత మంచిదో ఆయనే చెప్పాడు. మీ లోపల ఐస్ కట్టే పలక మీద నీళ్లు జారుతుంటే ముందు గడ్డకట్టేది స్వచ్ఛమైన నీరేనట. ఉప్పూ సున్నమూ మిగిలిన నీళ్లలో ఉండిపోతాయి, ప్రతి విడత చివరా మీరు వాటిని బయటికి పారబోస్తారు. అందుకే గడ్డ అద్దంలా ఉంటుంది. అలా పారే నీళ్లు చూసి ‘దండగ’ అని ఆ గొట్టానికి గుడ్డ కుక్కిన మహానుభావుడు ఎవరో ఈ ఉత్తరంలో రాయను. మా ఆవిడ అడిగితే పనికుర్రాడి పేరు చెప్పాను.

మిగిలిందంతా దాని ఫలితమే. పళ్లకి గార పట్టినట్టు పలకకి సున్నం పట్టింది. గడ్డలు తెల్లగా పాలిపోయాయి. కట్టిన ఐస్ కింద పడటానికి మీరు వేడి గ్యాస్ పంపుతున్నారు, ఐస్ మాత్రం సున్నాన్ని పట్టుకుని వదలడం లేదు. నేనేమో స్క్రూడ్రైవర్ పెట్టి పొడిచాను. పలక మీద ఆ గాట్లు చూసి ముసలాయన నన్ను చూసిన చూపు మా నాన్న కూడా ఎప్పుడూ చూడలేదు. గార వదలగొట్టడానికి బాత్రూమ్ యాసిడ్ తెచ్చి పెట్టానని చెబితే సీసా నా చేతిలోంచి లాక్కున్నాడు. అది సున్నంతో పాటు నికెల్ పూతనీ తినేస్తుందట. బ్లీచింగ్‌తో కలిసిందా, వచ్చే విషవాయువుకి ముందు ఆసుపత్రికి పోయేది నేనేనట. దీనికని అమ్మే మందుతో గార తీసి, బాగా కడిగి, ఆ తర్వాత వేరుగా క్రిములు చచ్చే మందు పెట్టాలి. ఐస్ కూడా తిండే అన్నాడు. ఆ మాట అనేసరికి బిన్ను మూలన గులాబిరంగు పాచి నాకు మొదటిసారి కనిపించింది. జ్యూస్ తాగి వెళ్లిన పన్నెండు మందీ కూడా కనిపించారు.

ఒక్క విషయంలో మాత్రం మీరు నన్ను మోసం చేశారు. మార్చిలో నాలుగు రోజులు ఏ జబ్బూ లేకుండా ఆగిపోయారు గుర్తుందా? మా కుర్రాడు పాల ప్యాకెట్లు చల్లగా ఉంటాయని బిన్నులో పెట్టాడు. అవి సెన్సర్ గొట్టానికి ఆనుకున్నాయి. దానికి చల్లగా తగిలేసరికి ‘బిన్ను నిండింది’ అనుకుని మీరు విశ్రాంతి తీసుకున్నారు. ప్యాకెట్లు తీసేసినందుకు ఆ మొదటి మెకానిక్ విజిటింగ్ ఛార్జి తీసుకున్నాడు. పాలకీ ఐస్‌కీ తేడా తెలియని అల్లుణ్ణి వెతికి తెచ్చుకున్నందుకు ఎవర్ననాలి?

సంబంధానికి ముందు వంశం చూడాలంటారు గనక చూశాను. మీ వంశకర్త ఫ్లోరిడాలో జాన్ గోరీ అనే డాక్టరు. జ్వరపు రోగుల గదులు చల్లబరచాలని యంత్రం కట్టి 1851లో పేటెంటు తెచ్చుకున్నాడు. పాపం, దానిమీద వ్యాపారం సాగకుండానే 1855లో పోయాడు. అంతకుముందు బోస్టన్ చెరువుల ఐస్ రంపపు పొట్టు కప్పుకుని నెలల తరబడి ఓడలో మన దేశానికి వచ్చేది. మద్రాసు బీచిలో దానికోసం కట్టిన ఐస్ హౌస్ ఇప్పటికీ ఉంది. అన్ని సముద్రాలు దాటినా అది కరిగింది కొంతే. మీది కౌంటర్ నుంచి మూడో టేబుల్‌కి చేరేలోపు కరుగుతోంది.

సరే, అలక తీర్చాను. దోసె పెనం అవతలికి జరిపాను. గోడకీ మీకూ మధ్య జానెడు జాగా వదిలాను. జాలీ నెలకోసారి నేనే విప్పి బ్రష్ కొడతాను, క్యాలెండర్‌లో అమావాస్యల దగ్గర గుర్తు పెట్టుకున్నాను. ఈ పూట నుంచి మీకూ ప్లాంటు నీళ్లే. కుర్రాడు గాజుగ్లాసుతో ఐస్ తోడకుండా స్కూప్ కొని, బయట మేకుకి తగిలించాను. గ్లాసు పెచ్చు ఒక్కటి బిన్నులో రాలితే గాజు ఏదో ఐస్ ఏదో ఎవరు పోల్చగలరు, అంతా పారబొయ్యడమే.

ఇది రాస్తుండగా కరెంటు పోయి వచ్చింది. మూడు నిమిషాలు ఆగి గానీ కంప్రెసర్ లేపకూడదన్నారు, గడియారం చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడే గురక మొదలుపెట్టారు. సంతోషం.

దిమ్మల అబ్బాయి ఫోన్ చేశాడు, రేపు కావాలా బాబాయ్ అని. అక్కర్లేదు, అల్లుడు లేచాడని చెప్పాను. ఎందుకైనా మంచిది, సగం దిమ్మ తెచ్చి వెనకవైపు నుంచి దింపమన్నాను. మీకు తెలియనివ్వద్దని కుర్రాడికి చెప్పాను.

ఇట్లు,
మీ మామ