పసిఫిక్‌కూ పాలమూరుకూ సంబంధం లేదా?

మృగశిర కార్తె దగ్గర పడితే చాలు, పాలమూరు, నల్లగొండ రైతుల ఫోన్లలో ఒక సందేశం తిరుగుతుంది: "ఎక్కడో పసిఫిక్ వేడెక్కితే మన దగ్గర వాన తగ్గుతుందనడం కట్టుకథ. 1997లో పెద్ద ఎల్ నినో వచ్చినా దేశంలో వానలు పడ్డాయి. కంప్యూటర్‌లో ఏ రెండు అంకెలు పోల్చినా ఏదో సంబంధం కనిపిస్తుంది. తొలి వానకే పత్తి గింజ వేయండి."

దూరం మాట ముందు తేల్చుకుందాం. మామూలు ఏడాది ఇండోనేషియా చుట్టుపక్కల వెచ్చని సముద్రం మీద గాలి పైకి లేస్తుంది. ఎల్ నినో ఏడాది, అంటే పసిఫిక్ నడుమ, తూర్పున నీళ్లు మామూలు కంటే వేడెక్కిన ఏడాది, ఆ చోటు పసిఫిక్ నడిమికి జరుగుతుంది. అప్పుడు మన వైపు గాలి కిందికి దిగి, మేఘాలను ఎదగనివ్వదు. 1904 నుంచి 1924 దాకా భారత వాతావరణ శాఖకు అధిపతిగా ఉన్న గిల్బర్ట్ వాకర్, పసిఫిక్‌లో పీడనం పెరిగితే హిందూ మహాసముద్రం వైపు తగ్గుతుందని కంప్యూటర్లు లేని రోజుల్లోనే లెక్కగట్టాడు.

1997 సంగతి నిజమే. ఆ ఏడాది దేశంలో నైరుతి వానలు సగటు కంటే కాస్త ఎక్కువే. అయితే అదే ఏడాది హిందూ మహాసముద్రం ఆఫ్రికా వైపు వేడెక్కి, సుమత్రా వైపు చల్లబడింది. ఈ ద్విధ్రువ స్థితి ఎల్ నినో దెబ్బను కాచిందని శాస్త్రవేత్తలు వివరించారు. 2002లో అంతకంటే బలహీనమైన ఎల్ నినోకే 19 శాతం లోటు వచ్చింది. ఒక్క పసిఫిక్‌ను చూసి తీర్పు చెబితే రెండేళ్లలోనూ తప్పుతాం. అన్ని సముద్రాలనూ కలిపి చూసే నెట్‌వర్క్ విశ్లేషణ అవసరమైంది అందుకే.

ఇందులో భూగోళాన్ని వేల బిందువులుగా విడగొడతారు. రెండు చోట్ల ఉష్ణోగ్రతో పీడనమో కలిసి మారితే, లేదా ఒకచోటి మార్పు కొన్ని వారాలకు మరోచోట కనిపిస్తే, వాటి మధ్య గీత గీస్తారు. కాకతాళీయమనే అనుమానం వాళ్లకూ ఉంది. అందుకే అంకెల వరుసను కావాలని చెదరగొట్టి మళ్లీ లెక్కిస్తారు. అలా చెదిరినప్పుడూ కనిపించేంత బలహీనమైన గీతలను పక్కన పెడతారు. ఈ పద్ధతితోనే ఒక పరిశోధక బృందం 2014 చివరికి ఎల్ నినో రావడానికి నాలుగింట మూడు వంతుల అవకాశం ఉందని 2013లోనే లెక్కగట్టింది. బలహీనంగానే అయినా అది వచ్చింది. ఒక్క అంచనా ఫలించడమే రుజువు కాదు, కానీ ఏ రెండు అంకెలో పోల్చి ఇంత ముందుగా చెప్పడం కష్టం.

ఏ మండలంలో ఏ రోజు వాన పడుతుందో ఈ గీతలు చెప్పలేవు. బంగాళాఖాతంలో ఒక్క అల్పపీడనం లోటు ఏడాదిలోనూ నల్లగొండను తడపగలదు. అంతమాత్రాన తొలి వానకే గింజ వేయమనడం ఘోరం. మన ఎర్ర చెల్కలు తేమను ఎక్కువ రోజులు పట్టి ఉంచవు. రెండో వాన ఆలస్యమైతే మొలక మాడుతుంది, మళ్లీ విత్తనానికి అప్పు చేయాల్సింది రైతే. ఆ సందేశం వస్తే ముందుకు పంపకండి.